వెయ్యి హార్స్ పవర్ ఉన్నా హోస్ పైపు దగ్గరే ఓటమి

2016 జూన్ 19, ఆదివారం. ఫ్రాన్స్‌లో మధ్యాహ్నం మూడు, మనకు సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి 84వ లె మాన్స్ 24 గంటల కార్ల రేసు (ఆ సమయంలో ఎక్కువ చుట్లు తిరిగినవాళ్ళే గెలుస్తారు) ముగిసిపోవాలి. ఇంకా కొద్ది నిమిషాలే ఉన్నాయి. టయోటా 5వ నంబరు కారు అందరికన్నా ముందుంది. 1985 నుంచి వస్తూ పోతూ ఉన్నా ఆ కంపెనీకి అక్కడ అప్పటిదాకా ఒక్క గెలుపూ లేదు. సరిగ్గా అప్పుడే డ్రైవర్ కజుకి నకజిమ రేడియోలో పవర్ లేదని మొత్తుకోవడం మొదలుపెట్టాడు. కారు వేగం తగ్గుతూ తగ్గుతూ వచ్చి, గీత దాటి, సొంత టీమ్ పిట్ (కార్లకు మరమ్మతులు చేసే, ఇంధనం నింపే చోటు) ఎదురుగానే ఆగిపోయింది. వెనక వస్తున్న పోర్షే 2వ నంబరు కారు పక్కనుంచి దూసుకెళ్ళి రేసు గెలిచింది. టయోటా మళ్ళీ కదిలి, చాలా నెమ్మదిగా ఒక చుట్టు పూర్తి చేసింది. కానీ ఆఖరి చుట్టు ఆరు నిమిషాల్లోపు తిరగాలన్నది నిబంధన. అందువల్ల 23 గంటల 56 నిమిషాలు పోరాడిన కారుకు ఫలితాల పట్టికలో చోటే దక్కలేదు.

తర్వాత టయోటా చెప్పిన కారణం చాలా చిన్నది. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బోకూ, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ మధ్య గాలి వెళ్ళే లైనులో ఒక కనెక్టర్ పాడైంది, దాంతో టర్బో అదుపు తప్పింది. ఆ కారులో 2.4 లీటర్ల వీ6 ఇంజన్, రెండు టర్బోలు, ముందూ వెనకా ఎలక్ట్రిక్ మోటార్లు ఉన్నాయి. అన్నీ కలిపితే సుమారు వెయ్యి హార్స్ పవర్. ఇంజన్ పగలలేదు, గేర్ బాక్స్ విరగలేదు, బ్యాటరీ కాలలేదు. గాలి గొట్టం దగ్గర ఒక అతుకు వదిలింది, అంతే.

కొరాపుట్, రాయగడ జిల్లాల్లో లారీల మీద బతికే తెలుగువాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కొరాపుట్ వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఇది అందరికీ తెలిసిన జబ్బే. లోడుతో ఎక్కుతున్న బండి ఉన్నట్టుండి లాగడం మానేస్తుంది. సైలెన్సర్‌లోంచి నల్ల పొగ వస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఉస్సుమని గాలి శబ్దమే తప్ప బండి ముందుకు పోదు. ఎలాగో జయపురం చేర్చి షెడ్డులో పెడితే “ఏటి బాబూ, పుల్లింగ్ లేదా?” అంటూనే మేస్త్రీ చెయ్యి ఇంటర్‌కూలర్ హోస్ మీదికి పోతుంది. గొట్టం పొడవునా అరచేత్తో తడుముతూ వెళ్తే క్లిప్పు దగ్గర జిడ్డు చెమ్మ తగులుతుంది. చెమ్మ ఎక్కడుందో గాలి అక్కడే పోతోందని అర్థం. క్లిప్పు మార్చి బిగించడానికి ఒక టీ తాగేంత సేపు చాలు.

లె మాన్స్‌లో కష్టం ఎక్కడంటే, ఆ టీ తాగేంత సేపు అక్కడ దొరకదు. అన్నిటికన్నా కఠినమైన నిబంధన ఇంకొకటి ఉంది. కారు ట్రాక్ మీద ఆగిపోతే మెకానిక్కులు దాని దగ్గరికి వెళ్ళకూడదు. లోపలున్న డ్రైవర్ ఒక్కడే, కారులో ఉన్న పనిముట్లతో ఏం చేయగలిగితే అది చేసుకోవాలి. కారు తన శక్తితో పిట్ దాకా రాగలిగితేనే మిగతా టీమ్ చెయ్యి వేస్తుంది. ఇంజన్ మొత్తం కాలిపోయినా, రెండు రూపాయల సీలు పోయినా, ట్రాక్ మీద ఆగిపోయిన కారుకు రెండూ ఒకటే. ఈ రేసుల్లో విశ్వసనీయత గురించి మాట్లాడేటప్పుడు మొదట గుర్తుంచుకోవాల్సింది ఈ నిబంధననే. మరమ్మతు ఎంత పెద్దదన్నది తర్వాతి మాట. లోపం వచ్చాక కూడా కారు ఇంటికి నడిచి రాగలదా లేదా అన్నదే తేల్చేస్తుంది.

దూరం సంగతి చూద్దాం. లె మాన్స్ సర్క్యూట్ ఒక చుట్టు 13.626 కిలోమీటర్లు. 2010లో గెలిచిన ఆడి కారు 397 చుట్లు తిరిగింది, అంటే 5,410 కిలోమీటర్లు. ఫార్ములా వన్ రేసు ఒక్కోటి 305 కిలోమీటర్లు ఉంటుంది. దాదాపు ఒక ఫార్ములా వన్ సీజన్‌లో చాలా భాగాన్ని ఒక్క రోజులో, అదే ఇంజన్‌తో, ముగ్గురు డ్రైవర్లు వంతులు మార్చుకుంటూ పూర్తి చేయడమన్నమాట. రాత్రి చలికీ మధ్యాహ్నం ఎండకూ ఇంజన్ లోపలి ఉష్ణోగ్రతలు మారిపోతుంటాయి. పక్క తరగతుల నెమ్మది కార్లను వందలసార్లు దాటాలి. దాటేటప్పుడు చాలాసార్లు కారు కర్బు (ట్రాక్ అంచు గట్టు) ఎక్కి దిగుతుంది, బురదా రాళ్ళూ రేడియేటర్‌ను కొడతాయి.

ఇంత దూరానికి పెద్ద భాగాలు తట్టుకుంటున్నాయంటే దానికి కారణం ఉంది. పిస్టన్, క్రాంక్, గేర్ల మీద ఎంత భారం పడుతుందో ముందే లెక్క కట్టగలరు. వాటిని టెస్ట్ బెంచ్ మీద వేల కిలోమీటర్లకు సమానంగా తిప్పి చూస్తారు. రేసుకు ముందు 30 గంటలకు మించిన టెస్టులు కూడా చేస్తారు. కనెక్టర్లు, హోసులు, బ్రాకెట్లు, వైరింగ్ అలా లెక్కకు లొంగవు. వేడెక్కి చల్లబడే ప్రతిసారీ అవి కాస్త సాగి ముడుచుకుంటాయి. ఇంజన్ అదురుకు వైరు మీది తొడుగు మెల్లగా అరుగుతుంది. బిగించిన మనిషి చేతి ఒడుపు కూడా లెక్కలోకి వస్తుంది. పైగా ఇవి కారు నిండా వేల సంఖ్యలో ఉంటాయి.

దీని బరువెంతో తెలియాలంటే ఒక ఊహాలెక్క వేసి చూడొచ్చు. చెడిపోతే కారును ఆపేయగల చిన్న భాగాలు 3,000 ఉన్నాయనుకుందాం. రేసు మొత్తంలో ఒక్కో భాగం చెడిపోయే అవకాశం పదివేలలో ఒక్కటే అనుకుందాం. విడిగా చూస్తే ప్రతి భాగమూ అద్భుతంగా నమ్మకమైనదే. అయినా అన్నీ కలిపి లెక్కిస్తే ఏ లోపమూ లేకుండా రేసు ముగించే అవకాశం సుమారు 74 శాతమే. నాలుగింట ఒకసారి ఏదో ఒకటి పోతుంది. రెండు కార్లు దింపితే వాటిలో కనీసం ఒకటి నిలబడే అవకాశం 93 శాతానికి చేరుతుంది. పెద్ద కంపెనీలు రెండేసి, మూడేసి కార్లతో రావడంలో ఈ లెక్కకు కూడా పాత్ర ఉంది. అలాగే, ఒక్కో భాగం చెడిపోయే అవకాశం లక్షలో ఒకటికి తగ్గించగలిగితే 74 శాతం కాస్తా 97 అవుతుంది. ఆ ఒక్క మెట్టు ఎక్కడానికే కంపెనీలు ఏళ్ళు, కోట్లు ఖర్చు పెడుతున్నాయి.

ఈ లెక్కలో దాగిన ప్రమాదం ఒకటుంది. రెండు కార్లలో లోపాలు ఒకదానికొకటి సంబంధం లేనివైతేనే రెండో కారు బీమాలాగా పనికొస్తుంది. ఒకే డిజైన్‌లో, ఒకే భాగంలో లోపం ఉంటే ఎన్ని కార్లు తెచ్చినా అన్నీ ఒకేలా పోతాయి. 2010లో ప్యూజో సరిగ్గా ఇలాగే దెబ్బతింది. క్వాలిఫయింగ్‌లో (రేసును ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే పరుగులో) మొదటి నాలుగు స్థానాలూ ప్యూజో 908 డీజిల్ కార్లవే. వేగంలో ఆడి కార్లు వాటి దరిదాపుల్లో లేవు. ఒక కారు సస్పెన్షన్ దగ్గర చాసిస్ దెబ్బతిని మొదట్లోనే వెళ్ళిపోయింది. మిగతా మూడూ ఒకదాని తర్వాత ఒకటి ఇంజన్లు పోయి ఆగాయి. చివరికి కనెక్టింగ్ రాడ్ల దగ్గర తేలింది కారణం. నెమ్మదిగా ఉందనుకున్న ఆడి 1, 2, 3 స్థానాలు తీసుకుపోయింది. పైన చెప్పిన 5,410 కిలోమీటర్ల రికార్డు ఆ రోజుదే. 2024లో ఆల్పీన్ కూడా ఇదే దారిన పోయింది. దాని రెండు ఏ424 కార్లూ మొదటి కొన్ని గంటల్లోనే ఇంజన్లు పోయి ఇంటిదారి పట్టాయి. ఇలాంటి చోట పెద్ద భాగాలే చెడిపోతాయి. చాలావరకు దాని వెనక వేగం కోసం అంచు దాకా వెళ్ళిన నిర్ణయం ఒకటి ఉంటుంది. అది డిజైన్ బల్ల మీద తీసుకున్న సాహసం. అతుకుల లోపం తీరు వేరు, దాన్ని ఎవరూ కావాలని ఎంచుకోరు.

విశ్వసనీయత అంటే ఏమిటో ఒక్క రేసులో చూడాలంటే 2017 లె మాన్స్ చూడాలి. ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు తిరిగి తిరిగి చదవాల్సిన రేసు అది. అన్నిటికన్నా వేగమైన కార్లుండే టాప్ క్లాసులో మొదలైనవి ఆరు కార్లు: మూడు టయోటాలు, రెండు పోర్షేలు, ఒక ప్రైవేటు టీమ్ కారు. చివరికి చేరినవి రెండే. టయోటా డ్రైవర్ కముయి కొబయాషి క్వాలిఫయింగ్‌లో 3 నిమిషాల 14.791 సెకన్లకు ఒక చుట్టు పూర్తి చేశాడు. అంటే సగటున గంటకు దాదాపు 252 కిలోమీటర్లు. అదే కారు రాత్రి ఆధిక్యంలో ఉండగా ఆగిపోయింది. కారణం క్లచ్. కథ మాత్రం అంతకన్నా విచిత్రం. సేఫ్టీ కార్ సమయంలో (ప్రమాదం జరిగాక కార్లన్నీ నెమ్మదిగా వెళ్ళాల్సిన వేళ) పిట్ చివర ఎర్ర లైటు దగ్గర ఆగి ఉంటే, మార్షల్ (ట్రాక్ సిబ్బంది) దుస్తుల్లాంటి నారింజ రంగు రేసింగ్ సూట్‌లో ఉన్న వేరే టీమ్ డ్రైవర్ ఒకడు మంచి మనసుతోనే బొటనవేలు ఎత్తి చూపాడు. వెళ్ళమన్నారనుకుని కొబయాషి బయల్దేరాడు. టీమ్ ఆగమంది. ఆగాడు, మళ్ళీ బయల్దేరాడు. ఆ కారు మామూలుగా పిట్ నుంచి ఎలక్ట్రిక్ మోటారుతోనే కదులుతుంది. నిలబడ్డ చోటు నుంచి ఇంజన్‌తో కదిలించడానికి ఆ క్లచ్‌ను తయారు చేయలేదు. అలా ఇంజన్ మీద కొన్నిసార్లు కదిలేసరికి అది కాలిపోయింది.

ఈ క్లచ్ సంగతి ఘాట్ డ్రైవర్లకు లోతుగా అర్థమవుతుంది. సుంకిలో ఏదైనా బండి అడ్డంగా నిలిచిపోయి ట్రాఫిక్ జామ్ అయితే, ఎగువన లోడుతో ఇరుక్కున్న లారీని హాఫ్ క్లచ్ మీద అంగుళం అంగుళం జరపాల్సి వస్తుంది. అరగంటలో క్యాబిన్ నిండా కాలిన వాసన. ప్లేటు అరిగిపోయి, కిందికి దిగాక గేరు పడినా బండి కదలదు. ప్లేటు నాణ్యతలో తప్పేమీ ఉండదు. అది ఏ పని కోసం తయారైందో ఆ పని కాకుండా ఇంకో పని చేయించడమే తప్పు. 2017లో టయోటాకు జరిగింది కచ్చితంగా ఇదే. భాగం బలంగా ఉంటే సరిపోదు. ఎవరూ ఊహించని సందర్భంలో మనిషి దాన్ని ఎలా వాడతాడో కూడా డిజైన్‌లో భాగమే. నా దృష్టిలో ఆ రాత్రి టయోటా పోగొట్టుకున్నది క్లచ్ ప్లేటు కన్నా, అలాంటి రాత్రి వస్తుందన్న ఊహ.

అదే రేసులో తెల్లారిన తర్వాత పోర్షే 1వ నంబరు కారు 13 చుట్ల ఆధిక్యంలో సాఫీగా వెళ్తోంది. ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. డ్రైవర్ ఇంజన్ ఆపేసి ఎలక్ట్రిక్ శక్తితో పాకించుకుంటూ రావాలని చూశాడు, కుదరలేదు. గెలిచింది 2వ నంబరు పోర్షే. ఈ కారు రేసు మొదట్లోనే ముందు ఇరుసు ఎలక్ట్రిక్ మోటారు మార్చుకోవడానికి గంటకు పైగా పిట్‌లో కూర్చుంది. గంట పోగొట్టుకున్న కారు, 13 చుట్ల ముందున్న కారును గెలిచిందన్నమాట. మధ్యలో కాసేపు కింది తరగతి ఎల్‌ఎంపీ2 కారు మొత్తం రేసుకే నాయకత్వం వహించింది, చివరికి రెండో స్థానంలో నిలిచింది. 2వ నంబరు పోర్షేకు వచ్చిన లోపం 1వ నంబరు కారు లోపం కన్నా చిన్నదేమీ కాదు. అది పిట్‌కు చేరేలా వచ్చింది, దాన్ని మార్చడానికి వీలుంది. ఆ రెండింటి వల్లే గెలిచింది.

మార్చడానికి వీలుగా కట్టడం అన్న ఆలోచనకు ఆడి ఆర్8 మంచి ఉదాహరణ. 2000 నుంచి 2005 మధ్య అది లె మాన్స్‌ను ఐదుసార్లు గెలిచింది. దాని వెనక భాగం మొత్తాన్ని, గేర్ బాక్సూ సస్పెన్షనూ కలిపి, ఒకే ముక్కగా తీసి కొత్తది బిగించేలా డిజైన్ చేశారు. పని ఐదు నిమిషాల్లో అయిపోయేది. గేర్ బాక్స్ చెడిపోదని ఆ ఇంజనీర్లు మురిసిపోలేదు. చెడిపోతే ఏమిటన్న ప్రశ్నను గీతలు గీసేటప్పుడే వేసుకున్నారు. అంత వేగంగా మార్చడం అన్యాయమనిపించి నిర్వాహకులు తర్వాత నిబంధనలే మార్చారు.

ఇంజన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉండే హైబ్రిడ్‌లు వచ్చాక లోపాల స్వభావం మారింది. 2012లో ఆడి మొదటి హైబ్రిడ్ విజయం సాధించింది. అప్పటి నుంచి పై తరగతిలో కరెంటు లోపాలు కూడా చేరాయి. 2014లో ముందున్న టయోటా తెల్లవారుజామున ఆగిపోయింది, వైరింగ్ కరిగిపోయింది. 2023లో శతాబ్ది రేసులో ఫెరారీ 50వ నంబరు కారుకు హైబ్రిడ్ కూలింగ్ దెబ్బతిని చాలాసేపు పిట్‌లో పోయింది. గెలిచిన 51వ నంబరు కారు కూడా ఆఖరి పిట్ స్టాప్‌లో ఇంధనం నింపుకున్నాక స్టార్ట్ కాలేదు. కంప్యూటర్ ఆపి వేసినట్టు మొత్తం సిస్టమ్‌ను ఆపి మళ్ళీ వేస్తే కదిలింది. ఆ కొద్ది సెకన్లలో ఇటలీ అంతా ఎంత టెన్షన్ పడి ఉంటుందో ఊహించవచ్చు. యాభై ఏళ్ళ తర్వాత టాప్ క్లాసుకు తిరిగొచ్చిన కంపెనీ గెలుపు ఒక రీసెట్ మీద ఆధారపడింది. 2024లో ఫెరారీ వారిదే 83వ నంబరు పసుపు కారు బాగా పోటీలో ఉండగా హైబ్రిడ్ సమస్యతో వెళ్ళిపోయింది.

లోపం స్పానర్ నుంచి లాప్‌టాప్‌కు వెళ్ళిపోవడాన్ని ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ళు కూడా ఈ మధ్యే చూశారు. 2020 ఏప్రిల్ నుంచి కొత్త పొగ నిబంధనల బీఎస్6 లారీలు వచ్చాయి. యూరియా ట్యాంకు, పొగను శుద్ధి చేసే ఏర్పాటు, వాటి మీద సెన్సర్లు వచ్చాయి. ఒక సెన్సర్ తప్పు లెక్క పంపిస్తే ఇంజన్ ఎంత బాగున్నా సిస్టమ్ పవర్ తగ్గించేస్తుంది. మేస్త్రీ చెవి పెట్టి విన్నా, చెయ్యి పెట్టి తడిమినా దొరకదు. స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. స్కానర్ ఉన్న మనిషి కొరాపుట్‌లో దొరక్కపోతే విశాఖ నుంచి రావాలి. బండి ఆ రోజు దిగువకు రాదు. 30 ఏళ్ళ అనుభవం ఉన్న చేతులు ఖాళీగా నిలబడటం నిజంగా బాధ కలిగించే దృశ్యం. లె మాన్స్ పిట్‌లో కూడా మెకానిక్కుల కన్నా ముందు డేటా ఇంజనీర్ మాట్లాడతాడు. తేడా ఏమిటంటే అక్కడ ఆ మనిషి తెర ముందు కూర్చునే ఉంటాడు. కారు ఇంకా ట్రాక్ మీద ఉండగానే ఏ సెన్సర్ అబద్ధం చెబుతోందో చూసి, స్టీరింగ్ మీద ఏ బటన్ నొక్కాలో డ్రైవర్‌కు చెబుతాడు.

హైవోల్టేజ్ వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. కారు మీద ఒక చిన్న లైటు ఉంటుంది. ఆకుపచ్చగా వెలిగితే ముట్టుకోవచ్చు. ఎరుపైతే కరెంటు లీక్ అయ్యే ప్రమాదముందని అర్థం. అప్పుడు మార్షల్స్ కూడా దగ్గరికి రారు. పాత కారు ఆగిపోతే నలుగురు తోసేవారు. ఈ కార్లను తోయడానికి కూడా అనుమతి కావాలి.

డ్రైవర్ చేతిలో కూడా చాలా ఉందని 2021 చూపింది. టాప్ క్లాసుకు కొత్తగా పెట్టిన హైపర్‌కార్ నిబంధనల కింద టయోటా జీఆర్010కు అది మొదటి లె మాన్స్. రెండు కార్లలోనూ ట్యాంకు నుంచి ఇంధనం సరిగా అందడం మానేసింది. మామూలుగా తిరగాల్సినన్ని చుట్లు తిరగలేక త్వరగా పిట్‌కు రావాల్సి వచ్చింది. ఆ లోపం ముదిరితే రెండూ ఆగిపోయేవే. ఇంజనీర్లు రేసు నడుస్తుండగానే ఒక పద్ధతి కనిపెట్టారు. బ్రేకు వేసే ప్రతి చోటా డ్రైవర్ ఇంధన పంపు స్విచ్‌లు ఆపి వేస్తూ ఉండాలి. గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగం నుంచి బ్రేకు వేస్తూ, చుట్టు చుట్టుకూ, గంటల తరబడి ఆ పని చేశారు డ్రైవర్లు. కార్లు 1, 2 స్థానాల్లో ముగించాయి. రాబోయే ఏళ్ళలో విశ్వసనీయత మీద రాసే పాఠాల్లో ఈ రెండు కార్ల డ్రైవర్లకు గౌరవస్థానం దక్కాలి.

ఇప్పటి కార్ల మీద ఒత్తిడి పాతవాటికన్నా తక్కువ. హైపర్‌కార్ల పవర్ సుమారు 680 హార్స్ పవర్ దాటకుండా, బరువు 1,030 కిలోలకు తగ్గకుండా నిబంధనలు కట్టేశాయి. 2023 పోల్ టైమ్ (క్వాలిఫయింగ్‌లో అందరికన్నా వేగమైన చుట్టు) 3 నిమిషాల 22.982 సెకన్లు. 2017లో కొబయాషి చేసినదానికన్నా ఎనిమిది సెకన్లు నెమ్మది. వేగం తగ్గించడం కొందరు అభిమానులకు నచ్చలేదు. కానీ ఈ కొత్త నిబంధనలతోనే ఆడి, పోర్షే వెళ్ళిపోయి ఖాళీ అయిన తరగతి మళ్ళీ నిండింది. 2023లో 16 టాప్ కార్లు, 2024లో 23. పైగా పనితీరును సమం చేసే బ్యాలెన్స్ ఆఫ్ పర్ఫార్మెన్స్ వల్ల అందరూ దగ్గర దగ్గరగానే ఉంటారు.

దీని ప్రభావం విశ్వసనీయత మీద పడింది, అదీ వింతగా. 2017లో గంట పోయినా గెలవగలిగారు. 2024లో గీత దాటేసరికి తొమ్మిది కార్లు ఒకే చుట్టులో ఉన్నాయి, మొదటి రెండింటి మధ్య తేడా 14 సెకన్లు. లోపాలు తగ్గినకొద్దీ మిగిలిన లోపం ఖరీదు పెరిగింది. మూడు నిమిషాల రీసెట్ ఒకప్పుడు లెక్కలోకి కూడా వచ్చేది కాదు, ఇప్పుడు అది పోడియం (మొదటి మూడు స్థానాలు) ఖరీదు. విశ్వసనీయత పెరిగితే రేసు సులువవుతుందని అనుకుంటాం. జరుగుతున్నది దానికి వ్యతిరేకం.

హైపర్‌కార్ తరగతిలోనే ఉండే ఎల్‌ఎండీహెచ్ అనే రకం కార్లలో హైబ్రిడ్ భాగాలు అందరికీ ఒకటే. మోటారు బాష్ కంపెనీది, బ్యాటరీ విలియమ్స్ (ఇప్పుడు ఫోర్టెస్క్యూ) వారిది, గేర్ బాక్స్ ఎక్స్‌ట్రాక్ వారిది. పోర్షే, కాడిలాక్, బీఎండబ్ల్యూ, ఆల్పీన్ అందరూ అవే వాడాలి. ఖర్చు తగ్గుతుంది, ఒకరు కనుక్కున్న లోపం అందరికీ ఉపయోగపడుతుంది. అదే సమయంలో ఒక లోపం అందరికీ ఒకేసారి తగలవచ్చు. ఫెరారీ, టయోటా సొంత హైబ్రిడ్‌లు కట్టుకున్నాయి, తప్పుకు బాధ్యత కూడా వాటిదే. ఇంకో చివర ఆస్టన్ మార్టిన్ 2025లో వాల్కిరీతో వచ్చింది. 6.5 లీటర్ల వీ12 ఇంజన్, హైబ్రిడ్ అసలు లేదు. వేగంలో ముందు వరుసలో లేకపోయినా మొదటి ప్రయత్నంలోనే రెండు కార్లూ 24 గంటలు పూర్తి చేశాయి. కొత్త కారుకు ఇది చిన్న విషయం కాదు.

ముగించగలిగిన కారు విలువ తెలియాలంటే రెండు పాత రేసులు చాలు. 1991లో ముందున్న మెర్సిడెస్ సీ11 ఆఖరి గంటల్లో నీళ్ళ పంపు బెల్టు వైపు ఒక చిన్న బ్రాకెట్ విరగడంతో వేడెక్కి ఆగింది. మజ్దా 787బీ రోటరీ ఇంజన్‌తో వచ్చి, జపాన్‌కు మొదటి లె మాన్స్ గెలుపు తెచ్చింది. 2012లో చెన్నై కుర్రాడు కరుణ్ చాందోక్ లె మాన్స్‌లో రేసు చేసిన మొదటి భారతీయుడయ్యాడు. అతని జేఆర్‌ఎం టీమ్‌ది ప్రైవేటు కారు, హైబ్రిడ్ లేదు, ఫ్యాక్టరీ అండా లేదు. ఆ ఏడాది రెండు టయోటాలూ రేసు ముగించలేకపోయాయి, ఈ కారు మొత్తం మీద ఆరో స్థానంలో నిలిచింది. గుణుపురం, బరంపురం ఇంజనీరింగ్ కాలేజీల్లో కార్ల పిచ్చి ఉన్న పిల్లలు ఫెరారీ పోస్టర్లు అంటించుకుంటారు, తప్పులేదు. కానీ చదువుకోవాల్సింది ఆ ఆరో స్థానం ఎలా వచ్చిందో.

2017 తర్వాత టయోటా చేసిన పని కూడా చదవదగ్గదే. 2018 రేసుకు ముందు వాళ్ళు టెస్టుల్లో కావాలనే ఇబ్బందులు సృష్టించుకున్నారు. నడుస్తున్న కారుకు హఠాత్తుగా ఒక సమస్య ఇచ్చి డ్రైవర్, ఇంజనీర్లు ఎలా స్పందిస్తారో చూశారు. ఆ ఏడాది గెలిచారు. 2022 దాకా వరసగా ఐదుసార్లు గెలిచారు. 2016 నాటి గొట్టాన్ని బలంగా చేసి ఊరుకుంటే అది సాధ్యమయ్యేది కాదు. తర్వాత పోబోయేది ఏదో తమకు తెలియదని ఒప్పుకుని, తెలియనిదాని కోసమే రిహార్సల్ చేశారు.

ఇప్పుడు ఈ హైపర్‌కార్ తరగతిలోకి 2026 నుంచి హ్యుందాయ్ వారి జెనెసిస్, 2027 నుంచి ఫోర్డ్, మెక్‌లారెన్ వస్తామని ప్రకటించాయి. మూడూ కొత్త కార్లే, మూడింటికీ ముందు రెండేళ్ళు పిట్ తలుపులు ఎక్కువసార్లు మూసుకునే కాలమే. రాయగడలోనో జయపురంలోనో రాత్రి ఏడున్నరకు (ఇప్పుడు రేసు 2016లోకన్నా గంట ఆలస్యంగా మొదలవుతుంది) ఫోన్లో రేసు పెట్టుకుని కూర్చునేవాళ్ళు చుట్టు టైములు చూస్తూ ఉంటారు. కొత్త కార్ల విషయంలో ఇంకో అంకె మీద కూడా కన్నేయాలి: మొదటి ఆరు గంటల్లో ఒక్కో కారు గ్యారేజీ లోపల మొత్తం ఎన్ని నిమిషాలు ఉంది, బయటికి తన కాళ్ళ మీద వచ్చిందా లేదా అన్నది. ఆదివారం సాయంత్రం ఏడున్నరకు ఎవరు ఎక్కడ ఉంటారో ఆ అంకెలో అప్పటికే చాలావరకు కనిపిస్తుంది.